ఊదా సంతకం

“ఇయ్యాల నాలుగింటికి నా పిల్లగాన్ని చెంచల్‌గూడ జైలుకు తోలేస్తరు. ఆ గేటు లోపటికి పోయినోడు మల్ల మనిషి లెక్క బయటికొస్తడా?”

అజ్మతున్నీసా ఈ మాట పైకే అంది. వినేందుకు ఇంట్లో ఎవరూ లేరు. భయాన్ని కడుపులో దాచుకుంటే అది నిజమైపోతుందనీ, పైకి అనేస్తే గాలికి కొట్టుకుపోతుందనీ ఆమె నమ్మకం. కొడుకు వలీకి దగ్గొస్తే క్షయ అనుకునేది. అర్ధగంట ఆలస్యమైతే మిలిటరీ లారీ కింద పడ్డాడనుకునేది. పందొమ్మిదేళ్లుగా ఆమె అనుకున్న చెడు ఒక్కటీ జరగలేదు. మొన్న మంగళవారం జరిగింది మాత్రం ఆమె ఎన్నడూ అనుకోనిది.

“ఇంక తొమ్మిదిన్నరే గద ఆపా. నాలుగింటిదాంక శాన టైముంది.”

గుమ్మంలో జకర్యా నిలబడి ఉన్నాడు. ఎడమ కనుబొమ్మ లేని మనిషి. పదేళ్లు ఫైరింజను మీద పనిచేసి, ఆ కనుబొమ్మను ఏదో మంటకు అప్పజెప్పి, ఇప్పుడు బీమా కంపెనీ తరఫున అగ్నిప్రమాదాల గుట్టు విప్పుతున్నాడు. తిరుమలగిరిలో అందరూ అతన్ని డిటెక్టివ్ అనే పిలుస్తారు. కొందరు వెక్కిరింతకు, కొందరు నిజంగానే.

“కూసో తమ్మీ. వాని ముఖం చూసినవా? అన్నం తిన్నడా? కొట్టిన్రా?”

“చూసిన. కొట్టలే. అన్నం సగం తిన్నడు. మాట మాత్రం లేదు.” జకర్యా పీట మీద కూర్చుని కాళ్లు బారజాపాడు. “ముందు టైములు చూద్దాం. మంగళారం పొద్దుగాల పది నలభై. జనరల్ బజార్ వెనక బట్టల గోదాంల పొగ. ఉన్నది కాపలా లాల్ ఒక్కడే. గోడకున్న నిప్పార్పే డబ్బా గుంజిండు, గుండీ నేలకు కొట్టిండు. నీళ్లు చిమ్మలే. ఇంకోటి గుంజిండు. అదీ అంతే. మూడోది సుత అంతే. పదకొండుకు మూడు నిమిషాలు తక్కువున్నప్పుడు ఫైరింజనొచ్చింది. అప్పటికి లాల్ బట్టల తాన్ల నడుమ పానం పోయి పడున్నడు. చేతుల నాలుగో డబ్బా ఉన్నది.”

“సాలు తమ్మీ, చెప్పకు.” అజ్మతున్నీసా కొంగుతో నోరు మూసుకుంది. లాల్ ఇల్లు వెనక గల్లీలోనే. అతని భార్య అక్బర్ బీ మూడు రోజులుగా ఈ గుమ్మం వైపు చూడటం మానేసింది.

గోదాంలోని పన్నెండు డబ్బాలకూ ఒక్కో కార్డు వేలాడుతోంది. ‘సోడా, తేజాబ్ (యాసిడ్) నింపి పరీక్షించాను’ అని కార్డు మీద అచ్చు, కింద నింపిన మిస్త్రీగా వలీ సంతకం, మూడు నెలల కిందటి ఫిబ్రవరి పన్నెండు తారీఖు. ఆ సాయంత్రమే పోలీసులు వలీని తీసుకుపోయారు. అప్పటి నుంచి వలీ నింపానని అనడు, నింపలేదని అనడు.

“ఫిబ్రవరి పన్నెండు శనివారం,” అన్నాడు జకర్యా. “ఆ దినం వలీ ఎన్ని గంటలకు పనికి పోయిండు?”

“ఎనిమిదింటికి.”

“నువ్వు నీళ్లెన్ని కాచినవ్?”

సోడా చన్నీళ్లలో సరిగ్గా కరగదు. గోరువెచ్చటి నీళ్లే కావాలి. వీధికి అవతల, వలీ పనిచేసే నిప్పార్పే పనుల బడిలో పొయ్యి పెట్టరు. అందుకే డబ్బాలు నింపే రోజున నీళ్లు ఆమె ఇంటి నుంచే పోతాయి. పెద్ద రాగి దేగ్‌లో కాచి పెడితే బడిలో పని నేర్చుకునే మిస్త్రీలు బకెట్లతో మోసుకుపోతారు. అక్కడ సోడా కలిపి, పీపాల్లో డబ్బాలున్న చోటికి పంపుతారు. నాలుగేళ్లుగా అదే పద్ధతి.

“కాచిన. ఎప్పటి లెక్కనే.”

“గీ దేగ్‌లనేనా?” జకర్యా లేచి మూలనున్న దేగ్ మూత తీశాడు. లోపల వేలితో రుద్దాడు. “కళాయి మంచిగున్నది. ఎప్పుడేయించినవ్?”

“గ్యార్మీ పండుగ అయినంక. అక్బర్ బీ పండుగ నియాజ్ అన్నం వండేటందుకు తీస్కపోయింది. వండినంక కళాయి సుత వేయించి పంపింది, మంచి మనిషి...” మాట సగంలో ఆపేసింది. ఆపేసరికి ఆలస్యమైపోయింది.

“ఈ ఏడు గ్యార్మీ ఫిబ్రవరి పదిన. బేస్తవారం. దేగ్ ఇంటికి మల్ల ఎన్నడొచ్చింది?”

ఆమె దేగ్ మూత అందుకుని మళ్లీ పెట్టింది.

“మంగళారం,” అంది, వినపడీ వినపడనట్టు. “పదిహేను తారీఖు.”

“అంటే పన్నెండున నీళ్లు కాగలే. పన్నెండు డబ్బాలకు ఇరవై నాలుగు గ్యాలన్ల నీళ్లు చాయ్ గిన్నెల కాగయి గద. పోలీసులకు గీ ముచ్చట ఎందుకు చెప్పలే ఆపా?”

“ఎట్ల చెప్పాలె? కాగినయంటే నా కొడుకు నింపి మల్ల తీసేసిండంటరు. కాగలేదంటే నింపకుండ సంతకం పెట్టిండంటరు. ఎటు చెప్పినా ఉరితాడు నేనే పేనినట్టయితది.”

జకర్యా గుమ్మం వైపు నడిచాడు. “చెప్పులు తొడుగు. బడికి పోదాం. నువ్వేం మాట్లాడకు. ఇను, అంతే.”

*

బడి అంటే పొడుగాటి రేకుల షెడ్డు. లోపల గోడ పొడవునా ఎర్రటి డబ్బాలు, విప్పినవి, బిగించినవి. బల్ల మీద తోలు వాషర్లు, మూతి రంధ్రం పొడిచి చూసే సూదులు, గడ్డిలో పెట్టిన గాజు గొట్టాలు. ఆరు నెలల చదువు. చివర సర్టిఫికెట్ చేతికొస్తే ఏ గోదాములోనైనా, ఏ సినిమా హాల్లోనైనా డబ్బాలు నింపే మిస్త్రీగా పని దొరుకుతుంది. నడిపేది ఉస్తాద్ మధుసూదన్.

ఆయన్ని చూడగానే అజ్మతున్నీసా కొంగు తల మీదికి లాక్కుంది, కళ్లలో నీళ్లు తిరిగాయి. పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో, వీధిలో బూట్ల చప్పుడు వింటేనే ఒళ్లు చల్లబడే రోజుల్లో, పదహారు రోజులు వలీని తన ఇంట్లో పెట్టుకున్నది ఈయనే. ఇల్లు సోదా చేయడానికి వచ్చిన సిపాయిలతో “వీడు నా పెద్ద కొడుకు” అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏ తీపి వండినా మొదటి గిన్నె ఆయన ఇంటికే పోతుంది.

“ఏడ్వకు అజ్మతమ్మా. పిల్లగాడు తప్పు చేసిండు. నేను ఇన్‌స్పెక్టర్ సాబ్ కాళ్లు పట్టుకోనైనా శిక్ష తక్కువ చేయిస్త,” అన్నాడు ఉస్తాద్.

తప్పు చేసిండు అన్న మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

“ఉస్తాద్, రెండు ముచ్చట్లు అడిగి పోత,” అన్నాడు జకర్యా. “నాకు సుత మీ దగ్గర నేర్చుకున్నట్టయితది. డబ్బా ఎట్ల పనిచేస్తది?”

“ఫైరింజను మీద పనిచేసినోనివి, నన్నడుగుతవా?”

“బీమా దొరలకు రాసియ్యాలె. మీ నోటితోని చెప్తే మర్యాద.”

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. చెప్పడం ఆయనకు ఇష్టం. “డబ్బాల సోడా నీళ్లుంటయి. నడుమ గాజు గొట్టంల తేజాబ్. గుండీ కొడితే గాజు పగుల్తది, తేజాబ్ సోడాల కలుస్తది, పొంగుతది. ఆ ఊపుకు నీళ్లు ముప్పై అడుగులు చిమ్ముతయి. రెండిట్ల ఏ ఒక్కటి లేకున్నా అది ఉత్త నీళ్ల కుండ. అందుకే పిల్లలకు మొదటి దినమే చెప్త, కార్డు మీద సంతకమంటే ప్రాణానికి జమానతు, పూచీకత్తు అని.”

“శెబ్బాష్. నీళ్లు ఏడ కాస్తరు?”

“అజ్మతమ్మ ఇంట్ల. నిప్పార్పే బడిల పొయ్యి పెడితే ఊరు నవ్వదా?”

“ఫిబ్రవరి పన్నెండున సుత?”

“ఆ, ఆమెనే కాచింది. వలీ నా కండ్ల ముందటనే ఎనిమిది బకెట్లు మోసిండు.”

అజ్మతున్నీసా తల ఎత్తింది. ఆ రోజు తన ఇంట్లో దేగ్ లేదు. ఒక్క బకెట్టు నీళ్లు కాగలేదు. ఈ మనిషి, దేవుడి తర్వాత దేవుడనుకున్న మనిషి, ఆమె ముందే నిలబడి, ఆమె పేరు చెప్పి, రెప్ప వేయకుండా అబద్ధం ఆడాడు. ఎందుకు? ఆమె నోరు తెరవబోయింది. జకర్యా చెయ్యి వెనక నుంచి కదిలింది, ఆగమన్నట్టు. ఆమె పళ్లు బిగించింది.

“ఇంకొకటి,” అన్నాడు జకర్యా, బల్ల మీది కార్డుల కట్ట చూస్తూ. “గీ కార్డులు కొత్తయి లెక్కున్నయి.”

“నిరుడు అక్టోబరుల అచ్చేయించిన. పాతవాటి మీద నిజాం సర్కారు ముద్ర, వాళ్ల ఫసలీ లెక్క సంవత్సరం ఉండె. రాజ్యం మారినంక అవి ఏం పనికొస్తయి? అన్నీ పెరట్ల కుప్పపోసి కాలబెట్టిన. పిల్లలతోని ఆ మంట ఆర్పిచ్చిన, అది సుత ఒక పాఠమే అయింది.” ఉస్తాద్ నవ్వాడు. “ఒక్క కార్డు మిగల్చలే.”

“ఒక్కటి సుత?”

“ఒక్కటి సుత. నేనే బూడిద కెలికి చూసిన.”

“ఈ కొత్తది ఒకటి తీస్కపోత,” అని జకర్యా ఒక కార్డు జేబులో పెట్టుకున్నాడు. “మూడున్నరకు ఠాణాకు వస్తున్నరు గద?”

“వస్త. ఇన్‌స్పెక్టర్ సాబ్ రమ్మన్నడు. పనోడి తప్పేంటిదో రాసియ్యమన్నడు.”

వీధిలోకి వచ్చాక అజ్మతున్నీసా జకర్యాను ఆపింది. “అబద్ధమాడిండు తమ్మీ. నన్ను సుత ఆ అబద్ధంల కలిపిండు.”

“ఇన్న ఆపా. ఎందుకాడిండో అది కావాలె మనకు.”

*

గోదాము చేరేసరికి ఒంటిగంటన్నర. తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ సదాశివ ఉన్నాడు. పోలీస్ యాక్షన్ తర్వాత మద్రాసు వైపు నుంచి వచ్చిన అధికారి. మడత నలగని చొక్కా. నోట్లో వక్కపలుకు.

“ఏమండీ జకర్యా గారూ, మీరింకా దీన్ని పట్టుకుని వేలాడుతున్నారా? అప్పుడే అమ్మగారిని కూడా వెంటేసుకొచ్చారే!”

“ఇంటి మనిషి వస్తే దొంగ చేయి వణుకుతదంటరు సార్. ఎవరి చేయి వణుకుతదో చూద్దామని తెచ్చిన.”

“మీ వేళాకోళానికేం గానీ, వినండి. ఈ కుర్రాడు కావాలనే చేశాడు. పోయిన ఏడాది సంగతులు వీళ్ల మనసుల్లోంచి ఎక్కడికి పోతాయి? మందు తీసేసి నీళ్లు పోశాడు. నాలుగింటికి చెంచల్‌గూడ. ఛార్జిషీటు నేనే రాస్తాను.”

“నిరుడు సెప్టెంబరుల వలీ ఏడున్నడో మీకెర్కనా? ఒక హిందువు ఇంట్ల మంచం కింద ఉన్నడు. సచ్చిన లాల్ సుత సాయబే. పగ తీర్సుకునేటోడు పక్కింటి మామను చంపుకుంటడా?”

“కోర్టులో చెప్పుకోండి.”

“కోర్టుదాంక ఎందుకు? పావుగంట ఇయ్యుండ్రి. తప్పు నాదైతే నేనే వాన్ని మీ జీపెక్కిస్త.”

సదాశివ గడియారం చూసుకున్నాడు. “పావుగంట. పదహారో నిమిషం లేదు.”

లోపల కాలిన గుడ్డ వాసన ముక్కు బద్దలు చేస్తోంది. లాల్ వాడిన నాలుగు డబ్బాలు ఒక పక్క, ముట్టని ఎనిమిది గోడకు. అజ్మతున్నీసా కళ్లు ఆ నాలుగో డబ్బా మీదికి పోకుండా ఎంత ఆపుకున్నా పోయాయి. దాని మీద వేళ్ల గుర్తుల్లా మసి. ఆ వేళ్లు వలీ చిన్నప్పుడు వాడికి బొంగరం తిప్పడం నేర్పించాయి.

జకర్యా గోడ మీది డబ్బా ఒకటి దింపి మూత విప్పాడు. వేలు లోపలికి పోనిచ్చి తోలు వాషరు బయటికి లాగాడు. రెండు చివర్లు పట్టి వంచాడు. మెత్తగా వంగింది.

“తేజాబ్ ఆవిరి తగిలిన తోలు మూడు నెలల్ల నల్లబడి పెళుసయితది. ఇరిస్తే ఇరుగుతది. ఇది సూడుండ్రి, కొత్త చెప్పు లెక్కున్నది. ఈ డబ్బాల తేజాబ్ ఎన్నడూ లేదు. తీసేసుడు కాదు, పోసుడే జరగలే.”

“సోడా ఉందేమో?”

“ఆపా, ఎదురంగ సర్బత్ బండి ఉన్నది. ఒక నిమ్మకాయ తెస్తవా?”

ఆమె పరుగున వెళ్లి తెచ్చింది. జకర్యా డబ్బా నీళ్లు గ్లాసులో పోసి ఆమె చేతికే ఇచ్చాడు. “నువ్వే పిండు. ఇంట్ల తినే సోడాల నిమ్మరసం పడితే ఏమైతది?”

“బుసబుస పొంగుతది.”

ఆమె పిండింది. ముగ్గురూ గ్లాసులోకి వంగి చూశారు. ఒక్క బుడగ లేవలేదు. పప్పులో పోసుకునే మామూలు నీళ్లు.

“బాగుంది,” అన్నాడు సదాశివ, పెదవి విరుస్తూ. “అంటే కావాలని తీసేయలేదు, అసలు నింపకుండానే సంతకం పెట్టాడు. కుట్ర కాదు, నిర్లక్ష్యం. మనిషి చచ్చాడు కదా! సంతకం వాడిదే కదా! మీరు నా కేసుకి ఇంకో మేకు కొట్టారు, అంతే. అయిదు నిమిషాలుంది.”

అజ్మతున్నీసా గ్లాసు కింద పెట్టేసింది. ఆమె భయపడ్డదే అయింది. తన చేత్తోనే నిమ్మకాయ పిండించి, తన కొడుకు మీదే ముద్ర కొట్టించాడు ఈ కనుబొమ్మ లేనివాడు. ఇతను కూడా మోసగాడేనా? బీమా కంపెనీ జీతగాడు, వలీని బలిచ్చి దొరల ముందు మంచి పేరు కొట్టేస్తాడా?

జకర్యా ఆమె వైపు చూడలేదు. కార్డు ఒకటి తాడు నుంచి తెంపి వెలుగులో పట్టుకున్నాడు. “ఇది చూడు ఆపా. తారీఖు నల్ల సిరా. సంతకం వేరే రంగు. ఏం రంగది?”

ఆమె కోపంతోనే చూసింది. “ఊదా.”

“ఊదా పెన్సిలు. నాలికకు తడుపుకొని రాస్తే సిరా లెక్క పడ్తది. వలీ ఇంట్ల అసుంటి పెన్సిలున్నదా?”

“మా ఇంట్లేడిది? ఒక్కసారి, సర్టిఫికెట్ ఇచ్చిన దినం...” ఆమె ఆగింది. ఆ సాయంత్రం కళ్ల ముందుకొచ్చింది. “ఆ దినం పెదవులు, నాలిక ఊదాగ చేస్కొని ఇంటికొచ్చిండు. నేను జహర్ తిన్నడనుకున్న. కొట్టి, ఉప్పు నీళ్లు తాగిచ్చి, కక్కిచ్చిన. పాపం, నవ్వుకుంట ఏడ్చిండు. ‘అమ్మీ, పెన్సిలు నాకిన గంతే. ఉస్తాద్ మా అందరితోని నలభై నలభై కార్డుల మీద సంతకాలు పెట్టిచ్చిండు, చేయి కుదరాలని’ అన్నడు.”

సదాశివ వక్క నమలడం ఆపాడు.

“సర్టిఫికెట్ ఎన్నడిచ్చిన్రు?”

“నిరుడు ఆగస్టుల. మిలిటరీ రాకముందు.”

జకర్యా జేబులోంచి బడి నుంచి తెచ్చిన కొత్త కార్డు తీసి గోదాము కార్డు పక్కన పెట్టాడు. గోదాము కార్డు వేలెడంత పొట్టిగా ఉంది. పై అంచు కత్తెరతో కోసి ఉంది. వెనక్కి తిప్పాడు. అడుగున, చీమ తలకాయంత అచ్చులో, ప్రెస్సు వాళ్ల గుర్తు, దాని పక్కన సంవత్సరం: 1357 ఫసలీ.

“ఆ ఫసలీ నిరుడు అక్టోబరుతోనే అయిపోయింది సార్. కోసేసిన అంచు మీద సర్కారు ముద్ర ఉండె. పైది కోసిన మనిషి కిందిది చూడలే. జీపు తర్వాత తెప్పిద్దురు గాని, ముందు ఠాణాకు పోదాం.”

*

మూడున్నరకు ఉస్తాద్ మధుసూదన్ ఠాణాలో బల్ల ముందు కూర్చుని రాసేశాడు. ‘నా శిష్యుడు వలీ నింపకుండా సంతకం చేసినట్లు నా అభిప్రాయం’ అని. కింద తన సంతకం. నల్ల సిరా.

కటకటాల వెనక వలీ మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. తల్లిని చూసి లేవలేదు. అజ్మతున్నీసా ఊచల దగ్గరికి పోయి వాడి జుట్టు సర్దింది. ఒళ్లు వేడిగా ఉందా అని నుదురు చూసింది.

“ఉస్తాద్,” అన్నాడు జకర్యా, “పొద్దుగాల మీరన్న మాట ఇన్‌స్పెక్టర్ సాబ్ ముందట ఇంకోసారి చెప్పుండ్రి. పాత కార్డులు ఏమైనయి?”

“కాలబెట్టిన. చెప్పిన గద.”

“ఎన్ని మిగిలినయి?”

“ఒక్కటి లేదు.”

జకర్యా పన్నెండు కార్డులూ బల్ల మీద వెనక్కి తిప్పి పరిచాడు, ఒక్కొక్కటిగా, పేకముక్కల్లా. “పన్నెండు మిగిలినయి. పన్నెండిటి మీద పిల్లగాడు నిరుడు ఆగస్టుల పెట్టిన సంతకాలే ఉన్నయి. తారీఖు మీ చేతిరాత, ఇగో మీరిప్పుడు రాసిచ్చిన కాగితం. ‘వ’ రెండిట్ల ఒక్క తీరున్నది. నీళ్లు కాచిందన్న అజ్మతమ్మ దేగ్ ఆ దినం అక్బర్ బీ ఇంట్లున్నది. సాక్షి ఎవరో ఎర్కనా? లాల్ పెండ్లాం.”

ఉస్తాద్ కార్డుల వైపు చూశాడు. ముఖంలో రంగు ముందు చెవుల నుంచి పోయింది, తర్వాత పెదవుల నుంచి.

“తేజాబ్ రాలే,” అన్నాడు చివరికి. “జనవరిల రావాల్సింది, రాలే. బడికి కొత్త సర్కారు పర్మిషన్ కావాలె, తనిఖీకి దొరలొస్తున్నరు. వాళ్లకు కార్డులు కావాలె. డబ్బాలల్ల ఉత్త నీళ్లు పోసి నేనే కట్టిన. వారం దినాల్ల తేజాబ్ వస్తది, నింపుదామనుకున్న. వారం, ఇంకో వారం... బడి మూతపడితే ఇరవై మంది పిల్లలు రోడ్ల మీద పడ్తరు.”

“అందుకని నా కొడుకును జైల్ల ఏస్తవా?” అజ్మతున్నీసా అరిచిందో, గుసగుసలాడిందో ఆమెకే తెలియలేదు. “సిపాయిల ముందట నా పెద్ద కొడుకన్నవ్ గద సాబ్! వాడు నీ ఇంటి అన్నం తిన్నడు గద! వాని సంతకమే దొరికిందా నీకు?”

“వానితోని నేర్చుకున్న మిగతా పిల్లలు ఊళ్లకు పోయిన్రు. వాడొక్కడే ఈడ ఉన్నడు,” అన్నాడు ఉస్తాద్, నేల చూస్తూ.

సదాశివ ఆ కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి కార్డుల కట్టలో చేర్చాడు. జవానుకు తాళాలు తీయమని సైగ చేసి, ఉస్తాద్‌ను బెంచీ మీది నుంచి లేవమన్నాడు. “జకర్యా గారూ, మీ పావుగంట బాగానే సాగింది,” అన్నాడు. క్షమాపణకు అంతకంటే దగ్గరగా అతను రాలేడు.

తలుపు తెరుచుకుంది. అజ్మతున్నీసా లోపలికి పోయి వలీ చెయ్యి పట్టుకుంది. “లే బిడ్డా. ఇంటికి పోదాం. నువ్వేం చేయలే. అందరికి ఎర్కయింది. లే.”

వలీ లేవలేదు.

“వాడు లేవడు,” అన్నాడు వెనక నుంచి ఉస్తాద్. జవాను చెయ్యి అతని భుజం మీద ఉంది. “మూడు దినాల నుంచి ఎందుకు నోరు మూసుకున్నడో అడుగు అజ్మతమ్మా. నన్నొక్కన్నే దొంగను చేస్తున్నరు. అడుగు వాన్ని.”

జకర్యా గబుక్కున తిరిగాడు. “ఆపా, ముందు ఇంటికి తీస్కపో. తర్వాత మాట్లాడొచ్చు.”

అతని గొంతులో ఏదో తేడా వినిపించింది ఆమెకు. ఏదో తెలిసినవాడి తొందర. ఆమె వలీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం పట్టి ముఖం పైకెత్తింది.

“నీకు ముందుగాల్నే ఎర్కనారా? ఆ డబ్బాలల్ల ఏం లేదని?”

వలీ చూపు ఆమె భుజం మీదుగా ఎక్కడికో పోయింది.

“చెప్పు బిడ్డా. ఎర్క లేదని చెప్పు, సాలు.”

గోడ గడియారం నాలుగు కొట్టింది. బయట జీపు ఇంజను స్టార్టయి, మళ్లీ ఆగింది. సదాశివ టోపీ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె వేళ్ల కింద వాడి దవడ ఒకసారి బిగిసింది, వదులైంది, మళ్లీ బిగిసింది. ఆమె అడగడం మానేసింది. గడ్డం మాత్రం వదల్లేదు.

“ఇరవై దినాల కింద,” అన్నాడు వలీ. గొంతు తుప్పు పట్టినట్టుంది. “లాల్ మామ ఒక కార్డు పట్టుకొని బడికొచ్చిండు. తాడు తెగి పడ్డదట. ‘దినాం గేటుకాడ ఉండేది నేనే గదరా, నువ్వు ఎప్పుడొచ్చి నింపినవ్?’ అన్నడు. ఉస్తాద్ వెనక నిలబడి నన్నే చూస్తున్నడు. మామ పోయినంక రేపే నింపుత అని ఒట్టేసిండు ఉస్తాద్. కని అప్పటికే చెప్పేసిన అమ్మీ...”

“ఏం చెప్పినవ్?”

“‘నువ్వు గ్యార్మీకని మూడు దినాలు ఇంటికి పోయినప్పుడొచ్చిన మామా, పన్నెండు నింపిన, ఫికర్ చేయకు’ అని.”